తడిపిన రాశి

మా తమ్ముడు చనిపోయిన ఏడు మిరప బాగా పండింది. పండకపోతే బతికి ఉండేవాడని ఇప్పటికీ అనుకుంటాను.

మా ఊరు గురజాల వైపు, ఒక రోడ్డు చివర ఉంటుంది. ఊరు దాటితే చేలు, చేల తర్వాత గుట్టలు, ఆపైన కృష్ణ. మాచర్ల పోవాలన్నా నరసరావుపేట పోవాలన్నా తూర్పున ఉన్న పక్క ఊరి మధ్యనుంచి వెళ్ళి మెయిన్ రోడ్డెక్కాలి. వేరే దారి లేదు. ఆ పక్క ఊరు మా మరదలి, అంటే తమ్ముడి భార్య పుట్టిల్లు. ఆమె తల్లి, అన్న అక్కడే ఉంటారు. రెండూళ్ళలో చాలా ఇళ్ళకు అలాంటి చుట్టరికాలే. కొట్టుకున్నప్పుడు కూడా బావా, మామా అనే తిట్టుకుంటారు.

నేను నరసరావుపేటలో కామర్స్ పాఠాలు చెప్పేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. ఆ మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కాలేజీలు మూసేస్తే, నాలుగు చీరెలు, కొన్ని పుస్తకాలు సంచిలో పెట్టుకుని తమ్ముడింటికి వచ్చాను. వారంలో తిరిగి వెళ్తాననుకున్నాను.

నిజానికి మా ఇంట్లో ఆ జబ్బు మాట జనవరిలోనే మొదలైంది. మేం వేసే తేజ రకం కాయ ఎక్కువగా చైనాకు పోతుంది. అక్కడ ఊళ్ళు మూసేశారని, ఓడలు ఎక్కించుకోవడం లేదని, కొనేవాళ్ళు లేరని గుంటూరు వ్యాపారులు ఫోన్లు చేశారు. ధర పడిపోయింది. తమ్ముడు నాకు ఫోన్ చేసి అడిగాడు.

"అక్కా, ఆళ్ళకు జబ్బు చేస్తే నా కాయలకేందే రోగం?"

నేను పాఠంలో చెప్పినట్టు చెప్పబోయాను. సరఫరా గొలుసు అని మొదలుపెట్టాను.

"గొలుసూ వద్దు గాజులూ వద్దు. అమ్మాలా, ఉంచాలా? అది చెప్పు."

ఉంచమన్నాను. వాడూ అదే అనుకున్నాడు. ఊళ్ళో అందరూ అదే చేశారు. కాయలు ఎండాయి, తాలు ఏరారు, మంచికాయను కళ్ళంలో రాశి పోసి టార్పాలిన్ బరకం కప్పారు. మార్చిలో ధర కాస్త లేచింది. అమ్ముదామని లేచేసరికి మన దగ్గరే గుంటూరు మిర్చి యార్డు మూశారు. ఇక కోల్డ్ స్టోరేజీ ఒక్కటే దిక్కు. అందులో పెట్టాలంటే గోతాలు కావాలి. కాయకు గాలి తగలాలి కాబట్టి ప్లాస్టిక్ సంచుల్లో తీసుకోరు. జనపనార గోతాలు బెంగాల్ మిల్లుల నుంచి వస్తాయి. ఆ మిల్లులు మూతపడ్డాయి.

మాకు ఎప్పుడూ గోతాల సంగతి ఆలోచించాల్సిన పని పడలేదు. అవి చీపురుపుల్లల్లాగా ఎక్కడో ఉంటాయి, అడిగితే వస్తాయి. ఆ ఏప్రిల్‌లో గోతాం కోసం మనుషులు ఎంతకైనా తెగించారు. మా వీధిలోనే ఇద్దరు అన్నదమ్ములు పశువుల దాణా నింపిన పాత గోతాల దగ్గర కలబడ్డారు. చిన్నవాడు పెద్దవాడి చెవి కొరికాడు. తెగిన ముక్క దాణాలో పడితే పెద్దవాడి భార్య పళ్ళెంలో పోసి వెతికింది. దొరికాక ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. గురజాల ఆసుపత్రికి పోయే ధైర్యం లేదు. పసుపు అద్ది కట్టు కట్టారు.

అప్పటికే మా ఊరి మొగదల కంప పడింది. తుమ్మకంపను ట్రాక్టర్లతో ఈడ్చుకొచ్చి రోడ్డుకు అడ్డం వేసి, వంతులేసుకుని కర్రలతో కాపలా కాశారు. మా దగ్గర ఇది కొత్త పని కాదు. పార్టీ గొడవల రోజుల్లో ఏ వీధికి ఎట్లా కంప వేయాలో, ఎక్కడ రాళ్ళు పోగేయాలో మా పెద్దవాళ్ళకు తెలుసు. వాళ్ళు మంచాల మీద కూర్చుని చెప్తుంటే కుర్రకారు వేశారు. తమ్ముడూ తన వంతుకు కర్ర పట్టుకుని వెళ్ళాడు.

మా ఊరి వాళ్ళే భార్యాభర్తలు, హైదరాబాదులో తాపీ పని చేసుకునేవాళ్ళు, పని ఆగిపోయి నడుచుకుంటూ వచ్చారు. మెయిన్ రోడ్డు మీద చెక్‌పోస్టులని చెప్పి, పడవ బతిమాలుకుని కృష్ణ దాటి చేల వెంట ఊళ్ళోకి వస్తుంటే మావాళ్ళు ఆపారు. మా ఇల్లేనయ్యా అదిగో కనపడతా ఉంది అని అతను వేలు చూపించాడు. ఆ చేతి మీదే కొట్టారు. ఎముక విరిగింది. ఆమె అడ్డం పడితే ఆమెను జుట్టు పట్టి పత్తి మోళ్ళ మీద ఈడ్చారు. పత్తి మోళ్ళంటే కోసిన కట్టె మొదళ్ళు. వీపంతా గీరుకుపోయింది. చివరికి ఊరి బయట స్కూలు వరండాలో పెట్టి అన్నం గిన్నె దూరం నుంచి నెట్టారు. తమ్ముడు ఇంటికొచ్చి కర్ర మూల పెట్టి చేతులు కడుక్కున్నాడు. "నువ్వు కొట్టావా?" అన్నాను. "నేను ఆపబొయ్యా. ఆపబొయ్యినోడికీ కర్రే గదా చేతిలో ఉంది," అన్నాడు. ఆ మాటకు అర్థం నేను మళ్ళీ అడగలేదు.

ఆ తాపీ మనిషి రాత్రంతా దగ్గాడట. అది జబ్బు దగ్గా, నది నీళ్ళు తాగిన దగ్గా, కొట్టిన దగ్గా ఎవరూ చూడలేదు. పక్క ఊరికి మాత్రం వార్త చేరింది. మా ఊళ్ళోకి రోగం దిగిందని వాళ్ళు తమ పడమటి పొలిమేరలో రోడ్డును జేసీబీతో అడ్డంగా తవ్వేశారు. మనిషి నడుము లోతు కందకం. దాని ముందు కంప. తూర్పున మెయిన్ రోడ్డు వైపు ఇంకో కంప. ఇక మాకు దారి లేదు.

మబ్బు పట్టడం మొదలైంది. వాన పడితే కళ్ళంలో ఉన్నదంతా పోతుంది. తమ్ముడు రోజూ ఫోన్లు చేసేవాడు. రైతు సరుకు ఆపొద్దని ప్రభుత్వం చెప్పిందని టీవీలో వచ్చింది. పాసులు ఇస్తున్నారు. చివరికి పిడుగురాళ్ళలో ఒక షావుకారు పాత గోతాలు ఉన్నాయన్నాడు. కోల్డ్ స్టోరేజీ మేనేజరు రేపటికి వస్తే చోటిస్తా, ఎల్లుండికి మాటివ్వలేనన్నాడు. ఆ సాయంత్రం షావుకారు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. గోతాలు ట్రాక్టరుకెత్తాం, తెల్లవారి బయల్దేరుతుందన్నాడు.

తమ్ముడు ఫోను జేబులో పెట్టి బరకం లాగాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎండిన మిరపకాయ పెళుసుగా ఉంటుంది. మనిషి గోతాంలో నిలబడి కాళ్ళతో తొక్కి నింపుతాడు కాబట్టి, ఎండుకాయ అలాగే పోస్తే పొడి అయిపోతుంది. అందుకని ముందు సాయంత్రం రాశి మీద నీళ్ళు చల్లి, తిరగేసి, బరకం కప్పి ఉంచుతారు. తెల్లారేసరికి కాయ మెత్తబడుతుంది, విరగకుండా తొక్కుడు పడుతుంది. కానీ ఒకసారి తడిపితే ఆగడానికి లేదు. ఆ రోజే తొక్కి పంపాలి. లేకపోతే రాశి లోపల వేడెక్కుతుంది, బూజు పడుతుంది, రంగు చస్తుంది. అందుకే గోతాలు బండికెక్కాయని కబురు వచ్చేదాకా ఎవరూ తడపరు. కబురు వచ్చాక తడపడానికి ఎవరూ వెనకాడరు. మా నాన్న అట్లాగే చేశాడు. ఊరంతా అట్లాగే చేస్తుంది. బయల్దేరిన బండి చేరకపోవడం అనేది మా ఎవరి అనుభవంలోనూ లేదు.

"ఏమే, పైపు పట్టు," అన్నాడు భార్యతో.

"గోతాలు రానీ. వచ్చినాక కొడదాం."

"వచ్చినాక కొడితే ఎల్లుండి తొక్కాలి. ఎల్లుండికి చోటు లేదంటున్నాడు. బయల్దేరితే మీ ఊరికొచ్చినట్టే. మీ ఊరికొస్తే ఇంటికొచ్చినట్టే. మీ అన్న ఆపుతాడా ఏంది?"

"మా అన్నా? పెళ్ళికొచ్చిన రోజు నిన్నే గుమ్మంలో ఆపినోడు."

"అప్పుడు నేను పలానా అని తెలీక."

"తెలిసే ఆపాడు."

వాడు నవ్వి మోటారేశాడు. ఆమె పైపు పట్టింది. నేను చెక్కపారతో కాయ తిరగేశాను. తడి తగలగానే ఘాటు లేచి ముగ్గురం తుమ్మాం. పక్క కళ్ళంలో నుంచి ఎవరో, "ఏందక్కా, ఇంటిల్లిపాదికీ తగులుకుందా ఏంది?" అని అరిచారు. అందరం నవ్వాం.

మర్నాడు పొద్దెక్కినా బండి రాలేదు. డ్రైవరు ఫోన్ చేసి పక్క ఊరి కందకం దగ్గర ఆపారని చెప్పాడు. తూర్పు కంప దగ్గర పాసు చూపిస్తే ఊళ్ళోకి వదిలారట. పడమటి కందకం దగ్గరకు వచ్చాక, బండి మా ఊరికని తెలిసి చుట్టుముట్టారట.

ముగ్గురం నడిచి వెళ్ళాం. మరదలు ముందు నడిచింది. వాళ్ళ ఊరు కదా, తను మాట్లాడితే వింటారని. అవతల ట్రాక్టరు నిలబడి ఉంది. దాని వెనక ట్రక్కులో తాళ్ళతో కట్టిన గోతాల కట్టలు. చుట్టూ జనం, మొహాలకు తువ్వాళ్ళు, చేతుల్లో కర్రలు. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నా ఎవరెవరో మాకు తెలుస్తూనే ఉంది. మా మరదలి అన్న ముందున్నాడు.

"బావా, ఆడనే ఆగు," అన్నాడు.

"ఆగాన్లే. గోతాలు ఇటు పడెయ్యండి. కందకం దాటి నేను రాను. నెత్తిన మోసుకుపోతాం."

"ఆ గోతాలు యాడియి?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"పిడుగురాళ్ళయి."

"పిడుగురాళ్ళకు యాణ్ణుంచి వచ్చినయ్? చైనా పొయ్యొచ్చిన గోతాలంట. పాతయ్యంట."

తమ్ముడికి నవ్వొచ్చింది. "ఒరేయ్, గోతాం చైనా పోతే మళ్ళీ వస్తదంట్రా? పోయిన గోతాం పోయినట్టే. నీకు తెలీదా, నువ్వేసేదీ మిరపే గదా!"

"నువ్వు మాకు చెప్పేదేంది? మీ ఊళ్ళో రోగం పెట్టుకుని మా ఊరి మీద నవ్వుతున్నావా?"

"ఎవరికి రోగం? ఆ తాపీ ఆయనకు చెయ్యిరిగింది."

"ఇరగ్గొట్టింది మీరేగా!"

అటువైపు నవ్వులు. మరదలు కంప దగ్గరకు వెళ్ళింది. "అన్నా, పొద్దుపోతంది. ఆయన రాశి తడిపాడు," అంది.

ఆ మాటకు ఒక్కసారి అంతా ఆగిపోయారు. అక్కడ ఉన్నవాళ్ళలో మిరప వేయనివాడు లేడు. తడిపిన రాశి అంటే ఏమిటో వివరించాల్సిన పని లేదు. వాళ్ళన్న తువ్వాలు కిందికి జరుపుకున్నాడు.

"తడిపావా బావా?"

"తడిపా. నిన్న పొద్దుగూకి."

"గోతాలు రాకముందే?"

"బండికెత్తామన్నారు."

అతను వెనక్కి తిరిగి తనవాళ్ళతో ఏదో అన్నాడు. ఇద్దామని అన్నాడని తర్వాత కేసులో చెప్పాడు. నేను వినలేదు. వినపడింది ఇంకొకరి గొంతు. "ఎవడు తడపమన్నాడు? ఆడి రాశి కోసం మనం సచ్చిపోవాలా?" అప్పుడే ఎవరో సీసాలో పెట్రోలు తెచ్చి గోతాల మీద విసిరారు. అగ్గిపుల్ల గీసింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. పాత జనపనార వెంటనే అంటుకుంది. డ్రైవరు సీట్లోంచి దూకి పరిగెత్తాడు.

తమ్ముడు నా పక్కన ఉన్నాడు. మరుక్షణం లేడు. కంప మీద నుంచే వెళ్ళాడు. ముళ్ళు చొక్కాను చీల్చిన చప్పుడు విన్నాను. కందకంలో దిగి, ఎక్కి, ట్రక్కు పట్టుకుని పైకి లేచి, మండని కట్టనొకదాన్ని రెండు చేతులా లాగాడు. అది ఊడి వచ్చింది. దాన్ని మా వైపు విసిరాడు. రెండోదాని మీద చెయ్యేశాడు. మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. వాడు కూలబడలేదు. రెండో దెబ్బ తల మీద. ఆ చప్పుడు ఎలా ఉందో రాయగలను. రాయను. తర్వాత చాలా కర్రలు లేచాయి. ఎందుకు కొడుతున్నారో కొట్టేవాళ్ళకు కూడా తెలియనట్టు, పాము కనిపించినప్పుడు కొట్టినట్టు కొట్టారు. వాడు ట్రక్కు మీద నుంచి కందకంలో పడ్డాడు.

నేను కంపలో చిక్కుకున్నాను. చీర, చేతులు, జుట్టు, అన్నిటినీ ముళ్ళు పట్టుకున్నాయి. మరదలు చీర వదిలేసి లంగాతో కందకంలో దూకింది. దూకి, పైకి చూసి, ఒక్కొక్కరినీ వరసపెట్టి పిలిచింది. మామా, చిన్నాయనా, అన్నా అని. తిట్టలేదు. వాళ్ళు వెనక్కి జరిగారు. రక్తాన్ని చూసి జరిగారు, అందులో జబ్బుంటుందని. ఆమె అన్న ఒక్కడే కర్ర పారేసి దిగాడు.

నేను చేరేసరికి తమ్ముడికి తెలివి ఉంది. ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు.

"అక్కా, బరకం తీపియ్యి. ఆరబొయ్యమను."

అదే చివరి మాట. నేను సరే అన్నాను.

అంబులెన్సు అవతలి వైపు నుంచి వచ్చింది. తెల్లటి సూటు వేసుకున్న మనిషి స్ట్రెచర్ కిందికి దించి, తను మాత్రం దిగకుండా, ఎత్తండి ఎత్తండి అన్నాడు. మరదలు, ఆమె అన్న ఎత్తారు. మరదలూ నేనూ ఎక్కాం. తూర్పు కంప తీయించడానికి కాసేపు పట్టింది. దారిలో ఇంకా ఊళ్ళున్నాయి, ప్రతి ఊరికీ కంప. ప్రతి కంప దగ్గరా డ్రైవరు దిగి కేకలేశాడు. ఒకచోట అంబులెన్సు మీద రాళ్ళు పడ్డాయి, అద్దం పగిలి పెంకులు తమ్ముడి దుప్పటి మీద పడ్డాయి. మరదలు ఏరుతూ కూర్చుంది. పిడుగురాళ్ళ దాటకముందే వాడు పోయాడు. ఆమె పెంకులేరడం ఆపలేదు.

పోస్టుమార్టం, పోలీసులు, జబ్బు పరీక్ష. జబ్బు లేదని తేలింది. దహనానికి మేం కొద్దిమందిమే ఉన్నాం. మొయ్యడానికి మనుషులు చాలక ట్రాక్టరులో తీసుకెళ్ళాం. తర్వాత మమ్మల్నిద్దరినీ ఆసుపత్రికి వెళ్ళొచ్చినవాళ్ళమని ఇంట్లోంచి కదలొద్దన్నారు. గుమ్మం ముందు మా ఊరివాళ్ళే కంప వేశారు. మూల ఉన్న వాడి కర్రకు ఎదురుగా నేను, ఆమె గోడకానుకుని కూర్చునేవాళ్ళం. బరకం తీయమని కిటికీలోంచి దారినపోయేవాళ్ళను బతిమాలాను. సరేనన్నారు. ఎవరూ వెళ్ళలేదు. చచ్చినవాడి రాశి ముట్టుకుంటే ఏమంటుకుంటుందోనని.

కంప తీసిన రోజు ఇద్దరం కళ్ళానికి వెళ్ళాం. బరకం లేపగానే ఆవిరి లేచింది. చెయ్యి పెడితే కాలేంత వేడి. పైకాయ నల్లబడింది, లోపల తెల్లటి బూజు గడ్డలు గడ్డలుగా కట్టింది. అడుగున కాయ చీదరగా జారిపోయింది. ఆ ఏడంతా వాడు చేసిన పని అది.

"గుంట తీయించి పాతిపెడదాం," అన్నాను.

ఆమె చెక్కపార అందుకుంది. రాశిని పలచగా నెరపింది. నేనూ నెరపాను. ఎండ బాగా కాసింది. నాలుగైదు రోజులకు పై తడి ఆరింది. ఆరబెట్టమన్నాడు కదా, ఆ మాట కోసం చేస్తోందనుకున్నాను. ఒక మధ్యాహ్నం పడమటి గాలి లేచింది. మా దగ్గర వేసవిలో ఆ గాలి మొదలైతే పొద్దుగూకేదాకా ఆగదు. ఆమె కాయను మళ్ళీ రాశిగా ఎగదోసి, మోటారు గదిలోంచి డీజిలు డబ్బా తెచ్చింది. అప్పుడు నాకు అర్థమైంది. మా కళ్ళానికి తూర్పున చేలు, చేల తర్వాత ఆమె పుట్టిల్లు.

"వద్దు," అన్నాను. "మీ అమ్మ కూడా ఉంది ఆ ఊళ్ళో."

"మా అమ్మకు కొంగు తడుపుకుని మొహాన ఏసుకోటం తెలుసు."

"పిల్లలుంటారు."

"దగ్గుకు గదొదినా వాళ్ళు భయపడింది. దగ్గమను. ఊరు ఊరంతా దగ్గమను. ఎవరి మీద కర్రలెత్తుకుంటారో చూస్తా."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నన్ను తోసింది. వెల్లకిలా పడ్డాను. లేచేసరికి అంటించింది.

మిరపరాశి మంటగా మండదు. లోపల తడి ఉంటుంది కాబట్టి కుములుతుంది. పొగ లేచి పైకి పోలేదు, నేలబారున చేల మీదుగా తూర్పుకు నడిచింది. మేం గాలికి ఎగువన ఉన్నా మా కళ్ళు కారాయి. ఆమె కదలకుండా నిలబడి చూసింది. ఒక గంట గడిచిందో లేదో తూర్పు నుంచి అరుపులు మొదలయ్యాయి. తర్వాత అరుపులు కూడా లేవు. ఒక ఊరు మొత్తం ఒకేసారి దగ్గడం నేను దూరం నుంచి విన్నాను. అది అరుపుకన్నా ఘోరంగా ఉంది.

అక్కడ ఏం జరిగిందో తర్వాత ఆమె అన్న నాకు చెప్పాడు. ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా వీధిలో పడ్డారు. మాస్కులు, తువ్వాళ్ళు చింపి పారేశారు. వాంతులు చేసుకున్నారు. ఎవరి దగ్గు ఎవరి మీద పడుతుందో చూసుకోకుండా ఒకరినొకరు తొక్కుకుంటూ తూర్పుకు పరిగెత్తారు. తూర్పు కంప దగ్గర ఆగిపోయారు. కళ్ళు తెరవలేకపోతున్నారు. ఆ కంపను తామే గట్టిగా బిగించారు, ట్రాక్టరుతో తప్ప కదలదు. ఒట్టి చేతులతో లాగారు. అరచేతుల్లో ముళ్ళు విరిగాయి. ముందున్నవాళ్ళను వెనకవాళ్ళు కంపలోకే నెట్టారు. ఒకడికి కన్ను పోయింది. చివరికి పీకి మెయిన్ రోడ్డు మీద పడ్డారు. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఎవరూ మళ్ళీ కంప వేయలేదు. ప్రాణం ఎవరిదీ పోలేదు. పోకపోవడం ఆమె గొప్పతనం కాదు, నాది అసలే కాదు. ఆ రోజు గాలి మధ్యలో మారింది, అంతే.

మర్నాడు పొద్దున వాళ్ళ ఊరి మనుషులు కర్రలతో వస్తారని మా ఊళ్ళో రాళ్ళు పోగేశారు. ఎవరూ రాలేదు. వచ్చింది ఆమె తల్లి ఒక్కతే. కందకంలో దిగి, ఎక్కి, ఎండలో నడుచుకుంటూ వచ్చింది. కళ్ళు వాచి మూసుకుపోయాయి. మా అరుగు మీద కూర్చుంది. కూతురు లోపల్నుంచి రాలేదు. ముసలామె ఊపిరి కుదుటపడేదాకా దగ్గింది. నేను మంచినీళ్ళిచ్చాను.

"ఏమే," అని లోపలికి కేకేసింది. "చానా ఘాటున్నయ్యే నీ మొగుడి కాయలు."

కొంచెంసేపటికి మరదలు బయటికి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. అప్పటిదాకా ఆమె ఏడవలేదు.

కేసు నడుస్తూనే ఉంది. గురజాల కోర్టుకు వాయిదాలకు ఇద్దరం వెళ్తాం. ఎవరి కర్ర తల మీద పడిందో చెప్పమంటారు. చాలా కర్రలు, మొహాలకు తువ్వాళ్ళు. నిప్పు పెట్టినందుకు ఆమె మీద కూడా కేసుంది. రెండూ ఒకేసారి కొట్టేయించుకుందామని రాజీ మనుషులు వచ్చారు. ఆమె వాళ్ళకు కాఫీ ఇచ్చి పంపించింది. తనమీద ఉన్నది ఒప్పుకుంటానని, వాళ్ళనూ ఒప్పుకోమని చెప్పింది. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆమె అన్న మాత్రం వాయిదా రోజు మా పక్కనే బెంచీ మీద కూర్చుంటాడు. ముగ్గురం ఒకే బస్సులో తిరిగి వస్తాం.

ఉద్యోగం అయిపోయాక నేను ఇక్కడే ఉంటున్నాను. ఆమె మిరప మానలేదు. టీవీలో ఏ దేశంలోనో కొత్త జబ్బు అని వస్తే ఊళ్ళో అందరూ ధర గురించి అడుగుతారు. ఆమె నిచ్చెనేసుకుని అటక ఎక్కి గోతాలు చూసుకుంటుంది. విత్తనానికి ముందే గోతాలు కొని ఇంట్లో పెడుతోంది. ఎలుకలు కొడితే కుడుతుంది. ఊళ్ళో కొందరు నవ్వారు. కొందరు తామూ కొని పెట్టుకున్నారు. తమ్ముడు ట్రక్కు మీద నుంచి మావైపు విసిరిన కట్ట కూడా వాటిల్లోనే కలిసిపోయింది. దాన్ని విడిగా దాచలేదు. మిగతావాటితో పాటే ఏటా కాయ నింపుతాం, పంపుతాం. ఇప్పుడు అందులో ఏ గోతాం ఎక్కడుందో తెలియదు.

మొన్న సాయంత్రం రాశి తడపాల్సి వచ్చింది. షావుకారు ఫోన్లో సరుకెత్తుకునే బండి పొద్దున్నే వస్తదని చెప్పాడు. ఆమె విని, సరేనని ఫోన్ పెట్టేసి, అటక మీది గోతాలన్నీ కిందికి దించి కళ్ళంలో రాశి పక్కన పేర్చింది. పై గోతాం మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఇప్పుడు పట్టు వదినా పైపు," అంది.